ముందే రాసిపెట్టిన అప్పు: పునీత్ రాజ్‌కుమార్ కళ్లు నలుగురికి ఎలా చేరాయి

2021 అక్టోబర్ 29, శుక్రవారం. కన్నడ కథానాయకుడు పునీత్ రాజ్‌కుమార్‌ను ఉదయం 11.40 ప్రాంతంలో బెంగళూరులోని ఆసుపత్రికి తీసుకొచ్చేసరికే గుండె ఆగిపోయి ఉంది. మధ్యాహ్నం రెండున్నరకు మరణించినట్టు ప్రకటించారు. వయసు 46. కొద్ది గంటల్లోనే నారాయణ నేత్రాలయ అనే కంటి ఆసుపత్రి బృందం వచ్చి కళ్లు సేకరించుకుని వెళ్లింది. మర్నాడు శనివారం, దేహాన్ని దర్శనానికి ఉంచిన కంఠీరవ స్టేడియం దగ్గర జనం ఇంకా బారులు తీరి ఉండగానే, ఆ రెండు కళ్ల ముందుండే పారదర్శక పొరలను, అంటే కార్నియాలను, నలుగురికి అమర్చారు.

పునీత్ తెలుగువాళ్లకు బొత్తిగా పరాయివాడు కాదు. 2002లో ఆయన్ని హీరోగా పరిచయం చేసిన ‘అప్పు’ దర్శకుడు పూరీ జగన్నాథ్. అదే కథ అదే ఏడాది తెలుగులో రవితేజతో ‘ఇడియట్’ అయింది. 2016లో ‘చక్రవ్యూహ’ కోసం జూనియర్ ఎన్టీఆర్ కన్నడలో పాట పాడారు. మొదటి సినిమా పేరే ఆయన ముద్దుపేరు కూడా. కన్నడిగులకు అప్పు అంటే ఇంట్లో చిన్నోడు. తెలుగు చెవికి మాత్రం ఆ మాట వినగానే బాకీ గుర్తొస్తుంది. ఈ కథలో ఆ అర్థం కూడా చక్కగా అతుకుతుంది.

ఆయన పోయాక వచ్చిన నివాళుల్లో చాలావరకు ‘ఎంత మంచి మనసు’ దగ్గర ఆగిపోయాయి. మనసు మంచిదే, కాదనేదేముంది. కానీ ఆ మధ్యాహ్నం నిర్ణయం తీసుకోవాల్సిన స్థితిలో పునీత్ లేరు. తమ్ముడు పోయాడన్న వార్తను అన్నలు ఇంకా నమ్మలేకుండా ఉన్నారు. బయట వేలమంది అభిమానులు. అలాంటి గంటలో ఒకరు ఫోన్ తీసి నేత్రనిధికి కబురు చేయడం, అవతలివాళ్లు వెంటనే బయలుదేరడం, మర్నాటికి నలుగురు రోగులు ఆపరేషన్ బల్ల మీద సిద్ధంగా ఉండడం ఎలా కుదిరింది? దీనికి జవాబు 1994లో దొరుకుతుంది.

తండ్రి పెట్టిన బాకీ

ఆ ఏడాది నారాయణ నేత్రాలయలో పునీత్ తండ్రి, కన్నడ నటుడు డాక్టర్ రాజ్‌కుమార్ పేరిట నేత్రనిధి మొదలైంది. ప్రారంభించిన రాజ్‌కుమార్ తన కళ్లతో సరిపెట్టకుండా కుటుంబం మొత్తం కళ్లు ఇస్తామని అందరి ముందూ మాటిచ్చారు. అప్పటికి పునీత్‌కు 19 ఏళ్లు. 2006 ఏప్రిల్ 12న రాజ్‌కుమార్ పోయారు, కళ్లు ఇచ్చారు. 2017 మే 31న తల్లి పార్వతమ్మ పోయారు, ఆమె కళ్లూ ఇచ్చారు. 2021లో మూడోసారి.

నేత్రదానం గురించి తెలిసినవాళ్లు ఇక్కడ గమనించేది మూడోసారి అన్న మాటనే. మొదటిసారి ఏ ఇంట్లోనైనా తటపటాయింపు ఉంటుంది. పెద్దాయన ఏమంటాడో, చుట్టాలు ఏమనుకుంటారో, దహనానికి ఆలస్యమవుతుందేమో. రెండోసారికి ఆ ఇంటికి పని తెలిసిపోతుంది. మూడోసారికి అది పెద్దకర్మ లాగా ఇంటి ఆచారంలో భాగమవుతుంది. ఎవరికి ఫోన్ చేయాలో అడగక్కర్లేదు, ఒప్పుకోవాలా వద్దా అన్న చర్చే రాదు. 27 ఏళ్ల ముందు పెద్దాయన అందరి ముందు మాటివ్వడం వల్ల, ఆ రోజు దుఃఖంలో ఉన్నవాళ్ల మీద నిర్ణయ భారం పడలేదు.

అంతకన్నా ముఖ్యం, మాటతోపాటు ఆ మాట నెరవేర్చే సంస్థ కూడా అదే రోజు పుట్టింది. మాట ఒక్కటే ఉండి సంస్థ లేకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. మన దగ్గర నేత్రదాన ప్రతిజ్ఞ చేసినవాళ్ల కార్డుల్లో ఎక్కువ భాగం బీరువాలో బట్టల కింద ఉండిపోతున్నాయి.

గుండె ఆగినా కళ్లు ఎందుకు పనికొస్తాయి

కిడ్నీలు, కాలేయం, గుండె లాంటివి తీసుకోవాలంటే సాధారణంగా మనిషి బ్రెయిన్ డెడ్ అయి, వెంటిలేటర్ మీద రక్తప్రసరణ ఇంకా సాగుతూ ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో అవయవదాన పథకం జీవన్‌దాన్ కింద జరిగేది చాలావరకు ఆ కోవదే. పునీత్ విషయంలో గుండె ముందే ఆగిపోయింది కాబట్టి ఆ దారి లేదు. కార్నియా సంగతి వేరు.

కార్నియా అంటే నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొర. వెడల్పు దాదాపు 11.5 మిల్లీమీటర్లు. మధ్యలో మందం అర మిల్లీమీటరుకు కాస్త పైన. అందులో రక్తనాళాలు ఉండవు. ఆక్సిజన్‌ను కన్నీటి పొర ద్వారా గాలి నుంచి తీసుకుంటుంది, తిండి కంటి లోపలి నీటి నుంచి అందుతుంది. అందుకే గుండె ఆగాక కూడా కొన్ని గంటలపాటు బతికే ఉంటుంది. రక్తంతో పని లేదు కాబట్టే మొదటిసారి కార్నియా మార్పిడికి సాధారణంగా బ్లడ్ గ్రూపు కలవాల్సిన అవసరం కూడా లేదు. సేకరించిన కార్నియాను పోషక ద్రవంలో, ఫ్రిజ్ చల్లదనంలో దాస్తారు. ఎంకే మీడియం అనే ద్రవంలో అయితే 4 రోజులు, ఆప్టిసాల్, కార్నిసాల్ లాంటి వాటిలో 14 రోజుల దాకా నిల్వ ఉంటుంది.

ఇక రెండు కళ్లు నలుగురికి ఎలా వచ్చాయన్నది అసలు విశేషం. కార్నియాను పొరలుగా చూస్తే ముందు వైపు దళసరి భాగం చూపుకు అద్దం లాంటిది. వెనక వైపున ఒకే ఒక్క వరస కణాలతో సన్నని పొర ఉంటుంది. దాని పేరు ఎండోథీలియం. కార్నియాలోకి ఊరే నీటిని ఎప్పటికప్పుడు వెనక్కి తోడేసే మోటార్లు అనుకోవచ్చు. ఆ మోటార్లు ఆగితే కార్నియా నీరు పట్టి, ఉబ్బి, తెల్లబడుతుంది. ఈ కణాలు పోతే మళ్లీ పుట్టవు. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు 2,500 అటూఇటూగా ఉంటాయి. చూపు కోసం చేసే మార్పిడికి మామూలుగా 2,000 పైన ఉన్న కార్నియానే నేత్రనిధులు పంపుతాయి. మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కించాకే పంపుతారు.

రోగుల్లోనూ రెండు రకాలు. కార్నియా శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉన్నవాళ్లకు, పై పొరల్లో మచ్చ ఉన్నవాళ్లకు వెనక మోటార్లు బాగానే ఉంటాయి. ముందు భాగం మార్చితే చాలు. శుక్లాల ఆపరేషన్ తర్వాత లోపలి పొర దెబ్బతిన్నవాళ్లకు, పుట్టుకతో వచ్చిన లోపంతో ఎండోథీలియం పాడైనవాళ్లకు ముందు అద్దం బాగానే ఉంటుంది, వెనక పొర ఒక్కటే కావాలి. పాత పద్ధతిలో ఎవరికైనా మొత్తం మందాన్నీ కోసి కొత్తది కుట్టేవారు. 16 దాకా కుట్లు పడేవి. అవి పూర్తిగా తీసేసరికి ఏడాది దాటడం మామూలు. ఇప్పుడు అవసరమైన పొరనే మారుస్తారు. అలా మార్చగలిగినప్పుడు ఒక కార్నియాలో ముందు భాగం ఒకరికి, వెనక భాగం ఇంకొకరికి ఇవ్వొచ్చు. నారాయణ నేత్రాలయ డాక్టర్లు పునీత్ కళ్ల విషయంలో చేసింది ఇదే.

మరి ప్రతిసారీ ఇలా ఎందుకు చేయరు? వినడానికి తేలికగా ఉంటుంది కానీ చేతిలోకి తీసుకుంటే చిక్కులు చాలా. మొదటిది, సరైన జబ్బులతో సరైన రోగులు అదే రోజు ఊళ్లో, ఖాళీ కడుపుతో, మత్తుమందుకు సిద్ధంగా ఉండాలి. రెండోది కోత. మైక్రోకెరటోమ్ అనే యంత్రంతో పొరను చీల్చేటప్పుడు, వెనక వైపుకు మిగలాల్సింది మిల్లీమీటరులో పదో వంతు అటూఇటూ. చీలిక తేడాగా పడితే రెండు భాగాలూ పోతాయి. మూడోది బయటివాళ్లకు తెలియని భయం. ముందు పొర మార్చే ఆపరేషన్‌లో రోగి సొంత వెనక పొరను అలాగే ఉంచి, దాని మీదున్నదంతా తొలగిస్తారు. ఆ పలుచటి పొర మధ్యలో చిరిగిపోయిందంటే అప్పటికప్పుడు మొత్తం మందం ఉన్న కార్నియా కావాలి. చేతిలో ఉన్నది సగం కార్నియానే అయితే సర్జన్ ఇరుక్కుపోతాడు. అందుకే పక్కన ఇంకో పూర్తి కార్నియా ఫ్రిజ్‌లో ఉంటేనే చాలామంది ధైర్యం చేస్తారు. అంటే ఒక దాతతో నలుగురికి చూపు ఇవ్వాలంటే వెనకాల ఇంకెవరెవరో ఇచ్చిన కళ్లు నిల్వలో ఉండాలి. పేపర్లలో పునీత్ పేరు ఒక్కటే వచ్చింది. నిల్వలో ఉన్నవి పేరు తెలియనివాళ్లవి.

వెనక పొర మార్చినవాళ్ల అవస్థ కూడా చెప్పుకోవాలి. అక్కడ కుట్లతో పెద్దగా పని లేదు. కంటిలోకి గాలి బుడగ పంపి, ఆ ఒత్తిడితో పొరను అతికిస్తారు. కాబట్టి ఆపరేషన్ అయ్యాక రోగి ముఖం పైకప్పు వైపు పెట్టి వెల్లకిలా పడుకోవాలి. పక్కకు తిరిగితే బుడగ జారుతుంది, పొర ఊడుతుంది, మళ్లీ బుడగ వేయాల్సి వస్తుంది. ఏ రకం మార్పిడి అయినా స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకోవాలి. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, నొప్పి పుట్టినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మానేసిన చుక్కల వల్ల పోయిన కార్నియాల గురించి ఏ కంటి ఆసుపత్రిలో అడిగినా చెబుతారు.

గ్రహీతల పేర్లు బయటపెట్టకపోవడం నేత్రనిధుల నియమం. పునీత్ కళ్లు ఎవరికి చేరాయో ఆరా తీసే ఉత్సాహం అప్పట్లో చాలామందిలో కనిపించింది. నియమం ఉన్నది సరిగ్గా ఇలాంటి సందర్భం కోసమే. లేకపోతే ఆ నలుగురూ బతికినన్నాళ్లూ హీరో కళ్లను మోస్తున్నవాళ్లుగానే మిగిలిపోతారు, వాళ్ల గుమ్మం ముందు దండలు పట్టుకున్న జనం తగ్గరు.

ఆ ఆరు గంటలు

ఈ పని మామూలు ఇంట్లో ఎలా జరుగుతుంది, ఎక్కడ చెడుతుంది?

మరణం తర్వాత 6 గంటల్లోపు కార్నియా తీయాలి. ఎంత ముందైతే అంత మంచిది. శరీరం చల్లని చోట ఉంటే గడువు కాస్త పెరుగుతుంది కానీ దాని మీద ఆధారపడకూడదు. ఫోన్ చేయాల్సింది ప్రాణం పోయిందని డాక్టర్ చెప్పిన వెంటనే. బృందం వచ్చేలోపు ఇంట్లోవాళ్లు చేయాల్సినవి చిన్న చిన్నవే. కనురెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టాలి. ఆరిపోతే మళ్లీ తడపాలి. తల కింద దిండు పెట్టి అర అడుగు ఎత్తులో ఉంచాలి. అలా చేస్తే తీసేటప్పుడు రక్తం కారే ఇబ్బంది, ముఖం ఉబ్బడం తగ్గుతాయి. నెత్తి మీద ఫ్యాన్ ఆపేయాలి. ఏసీ ఉంటే వేయొచ్చు.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది ఫ్యాన్ సంగతే. వచ్చినవాళ్లకు ఉక్కగా ఉందని ఎవరో ఒకరు స్విచ్ వేస్తారు. సగం తెరుచుకున్న రెప్పల మధ్య కార్నియా ఎండి, పై పొర లేచిపోతుంది. ఫ్రీజర్ బాక్స్ తెప్పించుకునే ఇళ్లలో ఇంకో చిక్కు. బాక్స్‌లో పెట్టి, పూలదండలు వేసి, అందరూ చుట్టూ కూర్చున్నాక మళ్లీ మూత తెరవాలంటే ఎవరికీ మనసొప్పదు. ఆ పని కాకముందే నేత్రనిధికి ఫోన్ వెళ్లాలి.

వచ్చే బృందంలో టెక్నీషియన్ ఒక్కరే ఉన్నా చట్టప్రకారం సరిపోతుంది. శిక్షణ పొందిన టెక్నీషియన్ కార్నియా తీయవచ్చని 2011లో అవయవ మార్పిడి చట్టాన్ని సవరించాక స్పష్టమైంది. దగ్గరి బంధువు సంతకం, ఇద్దరు సాక్షులు, డాక్టర్ ఇచ్చిన మరణ ధ్రువీకరణ కావాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షల కోసం శరీరం నుంచి కొద్దిగా రక్తం తీసుకుంటారు. ఇది ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడతారు. తీయడానికి పట్టేది 20 నిమిషాలు, అరగంట. ఇప్పుడు ఎక్కువచోట్ల మొత్తం గుడ్డు తీయరు. కార్నియాను చుట్టూ సన్నని తెల్లటి అంచుతో సహా కోసి, ఆ చోట పారదర్శకమైన ప్లాస్టిక్ డొప్ప పెట్టి రెప్ప మూసేస్తారు. దగ్గరికొచ్చి చూసినా తేడా తెలియదు. పునీత్ పార్థివ దేహాన్ని రెండు రోజులపాటు లక్షల కళ్లు చూశాయి కదా.

కళ్లద్దాలు వాడినా, షుగరు బీపీ ఉన్నా, శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నా ఇవ్వొచ్చు. రేబిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్, ధనుర్వాతం, రక్తానికి పాకిన ఇన్‌ఫెక్షన్, రక్త క్యాన్సర్, కారణం తెలియని మెదడు జబ్బు ఉంటే తీసుకోరు. ప్రమాద మరణమైతే పోలీసుల అనుమతి, పోస్ట్‌మార్టం చేసే డాక్టర్ సహకారం కావాలి. గంటలు ఎక్కువగా పోయేది అక్కడే.

అయితే ఎక్కువ దానాలు తప్పిపోయేది వైద్య కారణాలతో కాదు. రాత్రి పదకొండుకు పోతే ‘తెల్లారాక చెబుదాం’ అనుకోవడంతో. నేత్రనిధులు 24 గంటలూ పనిచేస్తాయి. తెల్లారేసరికి గడువు అయిపోతుంది. రెండో కారణం, ప్రతిజ్ఞ చేసిన సంగతి పోయినవాళ్లకు మాత్రమే తెలియడం. కొడుక్కి తెలిసినా కోడలికి తెలియదు, ఫోన్ నంబరు ఎవరి దగ్గరా ఉండదు. మూడోది, కళ్లు లేకుండా పంపిస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారన్న పాత భయం. దాని గురించి ఆ గంటలో వాదన పెట్టుకుంటే ఎవరూ గెలవరు. బతికున్నప్పుడే, పెద్దాయనే నోరు తెరిచి చెప్పి ఉంటే అసలు వాదనే రాదు. రాజ్‌కుమార్ కుటుంబంలో జరిగింది ఇదే.

వెల్లువ, ఆ తర్వాత

పునీత్ పోయాక కర్ణాటకలో నేత్రదాన ప్రతిజ్ఞలు వెల్లువెత్తాయి. ఊళ్లకు ఊళ్లు పత్రాలు నింపాయి. సొంత ఇంట్లో మరణం జరిగినప్పుడు ‘అప్పు ఇచ్చాడు కదా’ అంటూ కళ్లు ఇచ్చినవాళ్లూ చాలామందే. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. ఇవాళ 25 ఏళ్ల కుర్రాడు సంతకం చేసిన ప్రతిజ్ఞ ఏ నలభై యాభై ఏళ్లకో గానీ కార్నియాగా మారదు. అప్పటికి ఆ కాగితం, ఆ జ్ఞాపకం రెండూ ఉంటాయన్న హామీ లేదు. రెండో రకం దానం మాత్రం ఆ వారమే ఎవరికో చూపు ఇస్తుంది. ప్రతిజ్ఞల లెక్క పత్రికలకు బాగుంటుంది. రోగుల వరస తగ్గించేది మాత్రం రెండోదే.

ఈ తేడాను మన దేశంలో ముందుగా పట్టుకున్నవాళ్లలో హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఒకటి. ఆ సంస్థ చరిత్రలోనూ ఒక సినిమా మనిషే ఉన్నాడు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, 1931లో తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లో, తొలి తమిళ టాకీ ‘కాళిదాస్’లో, తర్వాత తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించిన ఎల్‌వీ ప్రసాద్ ఈ ఆసుపత్రికి బంజారాహిల్స్‌లో 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు దాన్ని నడిపించారు. 1989లో అక్కడ రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి మొదలైంది. ఇంటి నుంచి ఫోన్ వచ్చేదాకా ఎదురు చూడకుండా, పెద్దాసుపత్రుల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్లను పెట్టి, మరణం జరిగిన చోటే కుటుంబాన్ని మెల్లగా అడిగే పద్ధతిని వాళ్లు పెంచి పోషించారు. ఆ సంస్థలో జరిగిన కార్నియా మార్పిడులు 2023 నాటికి 50 వేలు దాటాయి. ప్రతిజ్ఞల పెట్టెలతో ఆ అంకె వచ్చేది కాదు.

చిరంజీవి 1998లో హైదరాబాద్‌లో పెట్టిన రక్తనిధి, నేత్రనిధిది కూడా ఇదే దారి. అభిమాన సంఘాల చేతుల్లో కటౌట్లకు పోయే శక్తిని రక్తదాన శిబిరాల వైపు తిప్పారు. హీరో సినిమా ఆడినా ఆడకపోయినా శిబిరం జరుగుతూనే ఉంటుంది. ఒక నటుడి పేరు అతని తర్వాత కూడా పని చేయాలంటే, ఆ పేరుతో జీతం తీసుకుని రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే మనిషి ఒకడు ఉండాలి. రాజ్‌కుమార్, ఎల్‌వీ ప్రసాద్, చిరంజీవి ముగ్గురి విషయంలోనూ ఆ మనిషి ఉన్నాడు.

విగ్రహాలు, అంకెలు

పునీత్ పేరిట జరిగినవి తక్కువేమీ కాదు. 2022 నవంబర్ 1న విధాన సౌధ ముందు కర్ణాటక రత్న ఇచ్చారు. రజనీకాంత్, జూనియర్ ఎన్టీఆర్ అతిథులుగా వచ్చారు. మైసూరు రోడ్డు నుంచి బన్నేరుఘట్ట రోడ్డు దాకా ఉన్న 12 కిలోమీటర్ల రింగు రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. ఊరూరా విగ్రహాలు లేచాయి.

వీటితోపాటు వాట్సాప్‌లో అంకెలూ తిరిగాయి. ఇన్ని అనాథాశ్రమాలు, ఇన్ని ఉచిత బడులు, ఇన్ని గోశాలలు, ఇంతమంది పిల్లల చదువులు అంటూ. ఎవరు లెక్క కట్టారో ఎవరికీ పట్టలేదు. ఆ అంకెలు నమ్మాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే రుజువున్నవే సరిపడా ఉన్నాయి. కర్ణాటక పాల సమాఖ్య వారి నందిని పాలకు తండ్రి లాగానే పారితోషికం తీసుకోకుండా ప్రచారం చేశారు. మైసూరులో నిరాశ్రయులైన మహిళలకు, పిల్లలకు ఆసరాగా తల్లి నడిపిన శక్తిధామకు పాటలు పాడిన డబ్బు ఇచ్చేవారు. భార్య అశ్వినితో కలిసి పీఆర్‌కే ప్రొడక్షన్స్ పెట్టి, తాను హీరోగా లేని ‘కవలుదారి’, ‘లా’, ‘ఫ్రెంచ్ బిర్యానీ’ లాంటి చిన్న సినిమాలు తీశారు.

చివరి దాని గురించి ఒక్క మాట. పెద్ద హీరో సొంత బ్యానర్ అంటే సాధారణంగా సొంత సినిమాలకే. పీఆర్‌కేలో డబ్బు, పేరు పునీత్‌వి, కథలు వేరేవాళ్లవి. అందుకే ఆయన పోయాక కూడా సంస్థ మూతపడకుండా అశ్విని చేతుల్లో సాగగలిగింది. హీరో ముఖం మీదే నిలబడ్డ బ్యానర్‌కు ఆ వెసులుబాటు ఉండదు.

అంత్యక్రియల ఏర్పాట్లలో కూడా ఈ ముందుచూపు కనిపిస్తుంది, ఈసారి ప్రభుత్వం వైపు నుంచి. 2006లో రాజ్‌కుమార్ పోయినప్పుడు బెంగళూరు అల్లర్లతో అట్టుడికింది, ప్రాణాలు పోయాయి. 2021లో ఆ అనుభవం చేతిలో ఉంది. మద్యం అమ్మకాలు ఆపారు. దేహాన్ని స్టేడియంలో ఉంచి, దర్శనానికి సమయం ఇచ్చారు. అమెరికా నుంచి కూతురు వచ్చేదాకా ఆగారు. 31వ తేదీ ఆదివారం తెల్లవారుజామున, జనం పోటెత్తకముందే, కంఠీరవ స్టూడియోలో తల్లిదండ్రుల పక్కన ఖననం చేశారు.

గుండె సంగతి

46 ఏళ్ల వయసులో, రోజూ కసరత్తు చేసే మనిషి పోవడం బెంగళూరును భయపెట్టింది. ఆ వారాల్లో జయదేవ గుండె ఆసుపత్రి ఓపీ ముందు కుర్రవాళ్ల వరసలు పెరిగాయి. భయం కొన్నాళ్లకు చల్లారింది. మిగిలిందల్లా ఆయన పేరిట కర్ణాటక ప్రభుత్వం తెచ్చిన హృదయజ్యోతి పథకం. తెలుగు రాష్ట్రాల్లో స్టెమీ (గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే రకం గుండెపోటు) పేరుతో నడుస్తున్న కార్యక్రమాలదీ ఇదే అమరిక. తాలూకా ఆసుపత్రిలో ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి వెంటనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రిలో ఉన్న గుండె నిపుణుడికి పంపుతారు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటు అని తేలితే, అక్కడికక్కడే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. ప్రైవేటులో ఇది వేల రూపాయల మందు. మనిషి బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, ఒకేసారి నరంలోకి. ఇటీవల మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు, పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు ఇవ్వకూడదు. అందుకే చివరి మాట నిపుణుడిది. తర్వాత 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ కోసం పెద్దాసుపత్రికి తరలిస్తారు.

వైద్యులు పెట్టుకునే గడువులు ఇలా ఉంటాయి. రోగి గుమ్మంలోకి వచ్చాక 10 నిమిషాల్లో ఈసీజీ, 30 నిమిషాల్లో సూది. నొప్పి మొదలైన 12 గంటల దాకా మందు పనిచేస్తుంది కానీ మొదటి గంటలో ఇస్తే కాపాడగలిగే కండరం, ఆరో గంటలో ఇస్తే కాపాడగలిగేది ఒకటి కాదు. గుమ్మం దాటాక గడిచే నిమిషాలను ఆసుపత్రి తగ్గించగలదు. గుమ్మానికి రాకముందు పోయే గంటలు దాని చేతిలో లేవు. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికి లాగడం, చెమటలు పట్టడం కనిపిస్తే మనవాళ్లు ముందుగా అడిగేది గ్యాస్ మాత్ర. సోడా తాగుతారు, వీపు మీద రాయించుకుంటారు, కాసేపు పడుకుంటారు. తర్వాత ఈసీజీ మిషన్ లేని దగ్గర్లోని క్లినిక్‌కు, అక్కడి నుంచి ఆటోలో ఇంకో చోటికి. ఇలా మూడు నాలుగు గంటలు తిరిగాక తాలూకా ఆసుపత్రికి చేరతారు. సూది అక్కడి ఫ్రిజ్‌లో పొద్దుటి నుంచీ ఉంది.